నెల్లూరు: పళ్లపై గోధుమ రంగు మచ్చలా? ఎంత తోమినా పోవట్లేదా? అయితే ముందు తాగే నీళ్లు చూడండి..

పిల్లాడు నవ్వితే ముందు పళ్లపై పసుపు, గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. "సరిగ్గా తోముకోవు, అందుకే ఇలా ఉన్నాయి" అని ఇంట్లో తిట్లు మొదలవుతాయి. ఆ తిట్లు పడలేక బొగ్గు, ఇటుక పొడి పెట్టి రుద్దేవాళ్లూ ఉన్నారు. కానీ పళ్లపై కనిపించే ప్రతి మరకా పాచి కాదు. కొన్నింటికి కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్. మన దేశంలో ఈ సమస్య మొదట బయటపడింది నెల్లూరు జిల్లాలోనే.

1937లోనే గుర్తించారు..

నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉన్నట్లు షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు 1937లో వెల్లడించారు. అప్పటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతాల్లో బోరు నీటిలో ఫ్లోరైడ్ సమస్య నేటికీ ఉంది.

తీరం వెంబడి ఊళ్లలో బావి నీళ్లు ఉప్పగా ఉంటే నోట్లో పోసుకోగానే తెలిసిపోతుంది. ఫ్లోరైడ్ అలా కాదు. దానికి రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు. నీళ్లు తియ్యగా ఉన్నాయి కదా అని నమ్మడానికి లేదు.

తోమితే ఎందుకు పోవు?

పిల్లలకు దాదాపు 8 ఏళ్లు వచ్చేవరకు శాశ్వత దంతాల ఎనామిల్ చిగురు లోపలే తయారవుతూ ఉంటుంది. ఆ వయసులో ఫ్లోరైడ్ ఎక్కువగా ఒంట్లోకి వెళ్తే ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. అంటే ఈ మచ్చ బయట అంటుకున్నది కాదు, పన్నుతో పాటే వచ్చింది. ఇటుక పొడితో ఎంత రుద్దినా అది పోదు సరికదా, ఉన్న ఎనామిల్ అరిగిపోయి చల్లని నీళ్లు తాగినా పళ్లు జివ్వుమంటాయి.

తేడా ఇలా తెలుసుకోవచ్చు..

* ఫ్లోరైడ్ మచ్చ: తెల్లని లేదా గోధుమ రంగు చారలు. ఎక్కువగా కుడి, ఎడమ పళ్లపై ఒకేలా ఉంటాయి.
* పాచి: చిగురు అంచున మెత్తగా ఉంటుంది, గీకితే వస్తుంది. వదిలేస్తే గట్టిపడి గారగా మారుతుంది. అప్పుడు డాక్టర్ దగ్గర క్లీనింగ్ చేయించుకోవాల్సిందే.
* పిప్పి పన్ను: గుంత పడుతుంది, అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి, తీపి తిన్నా చల్లనివి తాగినా లాగుతుంది.

నీళ్లు కాచితే సరిపోదు

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేని చోట గరిష్ఠంగా 1.5 వరకు అనుమతిస్తారు. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే.. కాచి చల్లార్చితే అంతా పోతుందనుకోవడం. కాచితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. ఆర్‌వో ప్లాంటు నీళ్లు, శుభ్రంగా పట్టిన వాన నీళ్లు మేలు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో బోరు నీటిని పరీక్ష చేయించుకోవచ్చు. ఏళ్ల తరబడి ఇవే నీళ్లు తాగితే పళ్లతో ఆగదు.. ఎముకలు, కీళ్లు, వెన్నెముక కూడా బిగుసుకుపోతాయి.

మరి టూత్‌పేస్ట్ సంగతేంటి?

ఫ్లోరైడ్ పేస్ట్ పళ్లు పుచ్చిపోకుండా కాపాడుతుంది. ఇబ్బంది అల్లా పిల్లలు దాన్ని మింగేస్తేనే. 3 ఏళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకు బఠాణీ గింజంత పేస్ట్ చాలు. పెద్దవాళ్లు పక్కనుండి ఉమ్మేయించాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో ఏ పేస్ట్ వాడాలో దంత వైద్యుడిని అడగడం మంచిది.

చిగుళ్లను పట్టించుకోండి

మచ్చలు నీళ్ల వల్లే కదా అని తోముకోవడం మానేస్తే మాత్రం అసలుకే మోసం. ఉదయం, రాత్రి పడుకునే ముందు 2 నిమిషాల చొప్పున మెత్తని బ్రష్‌తో తోముకోవాలి. చిగుళ్ల జబ్బుకు, షుగర్‌కు రెండువైపులా సంబంధం ఉంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్ల వాపు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. తోముకునేటప్పుడు తరచూ రక్తం వస్తుంటే తేలిగ్గా తీసుకోవద్దు. పొగ తాగేవాళ్లకు జబ్బున్నా రక్తం తక్కువగా రావచ్చు, కాబట్టి వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్లకు నోటి క్యాన్సర్ ముప్పు ఎక్కువ. 2 వారాలు దాటినా నోటిలో పుండు మానకపోయినా, తెల్లని లేదా ఎర్రని మచ్చ కనిపించినా వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

ఇప్పటికే ఫ్లోరైడ్ మచ్చలు పడ్డవాళ్లు కూడా బెంగపడక్కర్లేదు. తేలికపాటి మచ్చలను దంత వైద్యులు పైపొరను సున్నితంగా అరగదీసి తగ్గిస్తారు, ముదురు మచ్చలుంటే పంటి రంగు పూత వేస్తారు. అందుకే పళ్లు తోముకోలేదని పిల్లాడిని తిట్టే ముందు.. ఓసారి దంత వైద్యుడికి చూపించండి, ఇంట్లో తాగే నీళ్లను పరీక్షకు పంపండి.