తిమింగల వీక్షణ యాత్రలు: చరిత్ర

తిమింగలాలను అవి తిరిగే చోటనే, ఒడ్డు నుంచో పడవల మీద వెళ్లో చూసి వచ్చే పర్యాటకాన్ని తిమింగల వీక్షణ అంటారు. 1950లో అమెరికాలోని శాన్ డియాగో దగ్గర, పాయింట్ లోమా కొండకొమ్మున ఉన్న ఒక పాత సైనిక కట్టడాన్ని, బూడిదరంగు తిమింగలాల వలసను జనం చూసేందుకు తెరిచారు. మొదటి ఏడాదే దాదాపు 10,000 మంది వచ్చారు. 1955లో అదే ఊళ్లో మనిషికి ఒక డాలరు తీసుకుని పడవ నడపడం మొదలైంది. 2008 నాటికి 119 దేశాల్లో, ఏడాదికి సుమారు 1.3 కోట్ల మంది ఈ యాత్రలకు వెళ్తున్నట్టు అంచనా వేశారు. చంపితే వచ్చే డబ్బుకన్నా చూపిస్తే వచ్చేదే ఎక్కువని తేలాక మనిషి బరిసె దించేశాడని ఈ చరిత్రను సాధారణంగా చెబుతుంటారు. కానీ తేదీలు ఆ మాటను బలపరచవు. ముందు వేట ఆగింది, ఆ తర్వాతే వీక్షణ వచ్చింది.

శాన్ డియాగో యాత్రలకు ముందే 1937, 1946 నాటి అంతర్జాతీయ ఒప్పందాలు బూడిదరంగు తిమింగలాల వాణిజ్య వేటను నిషేధించాయి. న్యూజిలాండ్‌లో వేట 1964లో ముగిసింది, రక్షణ చట్టం 1978లో వచ్చింది. రైల్వే ఉద్యోగాలు పోయి చేతిలో పని లేని కైకోరా మావోరీ కుటుంబాలు ఇళ్లు తాకట్టు పెట్టి వీక్షణ యాత్రలు మొదలుపెట్టింది 1987లో. టోంగా రాజు 1978లో వేట మాన్పించాడు. అక్కడ యాత్రలు ఊపందుకున్నది 1990లలో. అంతర్జాతీయ తిమింగల వేట సంఘం 1982లో తీర్మానించిన నిషేధం 1986 నుంచి అమల్లోకి వచ్చింది. నార్వేలోని ఆండెనెస్‌లోనూ, జపాన్‌కు చెందిన ఒగసవారా దీవుల్లోనూ యాత్రలు 1988లో, అంటే ఆ దేశాలు వాణిజ్య వేటను నిలిపిన రోజుల్లోనే మొదలయ్యాయి. ఇన్ని చోట్ల ఇదే వరుస కనిపిస్తుంటే కాకతాళీయమని కొట్టిపారేయలేం.

అసోర్స్ దీవుల కథ దీన్ని మరింత దగ్గరగా చూపిస్తుంది. పోర్చుగల్‌కు చెందిన ఈ దీవులవాళ్లు 19వ శతాబ్దంలో అమెరికన్ ఓడల నుంచి వేట నేర్చుకున్నారు. ఏడుగురు ఎక్కే సన్నని చెక్కపడవ మీద వెళ్లి చేత్తో బరిసె విసిరే ఆ పద్ధతి 1980ల దాకా సాగింది. పికో దీవిలోని లాజెస్‌లో చివరి స్పెర్మ్ తిమింగలాన్ని చంపింది 1987లో. 1989లో అదే ఊరి నుంచి వీక్షణ పడవలు బయల్దేరాయి. వేటకాలంలో కొండ మీది చిన్న గదిలో కూర్చుని బైనాక్యులర్స్‌తో సముద్రాన్ని గాలించే కాపరిని అక్కడ విజియా అంటారు. స్పెర్మ్ తిమింగలం ముక్కురంధ్రం తల ఎడమ పక్కన ఉంటుంది. అందుకే దాని ఊపిరి ఆవిరి నిట్టనిలువుగా లేవక, ముందుకీ ఎడమకీ వాలి లేస్తుంది. ఎన్నో కిలోమీటర్ల దూరం నుంచి ఆ వాలును పట్టి జాతిని చెప్పగలగడమే విజియా విద్య. అప్పట్లో తారాజువ్వ వదిలి వేటగాళ్లను పిలిచేవాడు, ఇప్పుడు రేడియోలో పడవ సరంగుకు దిక్కు చెబుతాడు. ఒకసారి మునిగితే నలభై, యాభై నిమిషాలు పైకి రాని జంతువు ఎక్కడ తేలుతుందో అంచనా కట్టడం వేటగాళ్లు తరతరాలుగా కూడబెట్టిన జ్ఞానం. కొత్త వృత్తికి అసలు పెట్టుబడి అదే. వీక్షణ వేటకు విరోధిగా రాలేదు, వారసురాలిగా వచ్చింది.

ఆదాయం లేని చట్టం నిలవదు, వీక్షణే లేకపోతే నిషేధం ఎప్పుడో సడలిపోయేదని కొందరు అంటారు. ఈ వాదనలో బలం ఉంది. ఐస్‌లాండ్‌లో రేక్యావిక్ పక్కనున్న ఫాఖ్సాఫ్లోయ్ అఖాతంలో వేట నిషేధ ప్రాంతం 2017లో పెరగడానికి యాత్రా నిర్వాహకుల ఒత్తిడి తోడ్పడింది. కానీ అదే ఐస్‌లాండ్, యాత్రలు జోరుగా సాగుతుండగానే, 2006లో వాణిజ్య వేటకు మళ్లీ దిగింది. నార్వే 1993లోనే దిగింది. పర్యాటకుల డబ్బు నిషేధానికి ఊతం కాగలదు, దాని స్థానంలో మాత్రం నిలబడలేదు.

చూస్తే పోయేదేముందన్నది మరో అభ్యంతరం. పోయేది ఉంది. ఆస్ట్రేలియాలోని షార్క్ బే‌లో యాత్రా పడవలు ఒకటి నుంచి రెండయ్యాక ఆ చోట డాల్ఫిన్ల సంఖ్య తగ్గిందని 2006లో ప్రచురితమైన పరిశోధన చూపింది. అమెరికా వాయవ్య తీరంలోని ఓర్కాలు సాల్మన్ చేపలను ప్రతిధ్వనితో వెతుక్కుంటాయి. ఇంజన్ల రొద ఆ వినికిడిని కప్పేస్తుంది. అందుకే వాషింగ్టన్ రాష్ట్రం 2025 జనవరి నుంచి, ప్రమాదంలో ఉన్న ఆ గుంపుకు పడవలు 900 మీటర్లకు పైగా ఎడంగా ఉండాలని విధించింది. తెలుగువారికి దగ్గర్లో ఉన్న శ్రీలంకలోని మిరిస్సాలో, 2009లో యుద్ధం ముగిశాక నీలి తిమింగలాల యాత్రలు ఒక్కసారిగా పెరిగాయి. ఒకే తిమింగలం చుట్టూ ఎన్నో పడవలు మూగడం మామూలైంది. అక్కడ వాటికి ఇంకా పెద్ద ముప్పు డోండ్రా అగ్రం పక్కగా పోయే సరుకు ఓడలు. 2022లో ఎం.ఎస్.సి. అనే నౌకా రవాణా సంస్థ తన ఓడలను మరింత దక్షిణానికి మళ్లించింది. మిగతా కంపెనీలనూ అదే దారి పట్టించాలంటే అంతర్జాతీయ నౌకా మార్గాన్నే మార్చాలి. ఆ పని యాత్రికుల టికెట్ డబ్బుతో జరిగేది కాదు, ప్రభుత్వాలు పూనుకోవాల్సిందే.