మాక్స్ ఎర్న్‌స్ట్ కొలాజ్‌లలో పారిస్ వీధి: అధివాస్తవికత - చరిత్ర

అధివాస్తవిక చిత్రాలను కేవలం కలలుగా చదివితే వాటిలోని చరిత్ర జారిపోతుంది. మాక్స్ ఎర్న్‌స్ట్ 1933లో ఇటలీలో ఉండగా రూపొందించి, 1934లో పారిస్‌లో ఐదు సంపుటాలుగా వెలువరించిన 'యూన్ స్మెన్ ద బోంతే' ఇందుకు నిదర్శనం. 'దయాసప్తాహం' అని తెలుగు చేసుకోవచ్చు. ఆ పేరులోని వెటకారం అప్పుడు మనకూ తగులుతుంది. ఇందులోని 182 కొలాజ్‌లకు ముడిసరుకు ప్రధానంగా పందొమ్మిదో శతాబ్దపు చౌకబారు నవలల్లోని కొయ్యచెక్కడపు బొమ్మలు. పాత వీధులు, మెట్లు, గదులు చాలావరకు యథాతథంగా ఉంటాయి. మనుషుల తలలు మారతాయి. అతికించిన బొమ్మను తిరిగి అచ్చుదిమ్మెగా చేసి ముద్రించినందువల్ల కత్తెర జాడ దాదాపు కనిపించదు. కోటుకూ సింహపు జూలుకూ ఒకే గీత కావడం వల్లనే పాఠకుడు ఆ దృశ్యాన్ని నమ్ముతాడు.

ఆదివారం భాగానికి సంకేతం 'బెల్‌ఫోర్ సింహం'. ఇది ఊహాజంతువు కాదు. 1870-71 యుద్ధంలో ప్రష్యా ముట్టడికి ఎదురు నిలిచిన బెల్‌ఫోర్ పట్టణానికి బార్తోల్దీ రూపొందించిన స్మారకశిల్పం. (న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమ శిల్పి కూడా ఇతడే.) దాని చిన్న ప్రతి పారిస్‌లోని దాన్‌ఫేర్-రోష్రో కూడలిలో ఉంది. ఈ దేశభక్తి చిహ్నాన్ని ఎర్న్‌స్ట్ పీఠం మీంచి దింపి, పతకాలు తగిలించి, స్త్రీలను హింసించే పెద్దమనిషిగా మార్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ ఫిరంగిదళంలో పనిచేసినవాడు, హిట్లర్ అధికారానికి వచ్చిన ఏడాదిలో ఆ సింహాన్నే ఎంచుకోవడం యాదృచ్ఛికమని అనుకోలేం.