ఆజ్ఞ ప్రశ్నగా మారిన దేశం

లీడ్స్ వెళ్లే రైలు ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవాలంటే ఇంగ్లండులో ఎవరూ 'వేర్ ఈజ్ ద ట్రెయిన్?' అని సూటిగా అడగరు. ముందు 'ఎక్స్‌క్యూజ్ మి' అంటారు, ఆపైన 'కుడ్ యూ టెల్ మి' అంటారు, అసలు సంగతి దాని తోకకు కడతారు. ఆ తోకలో 'వేర్ ఈజ్ ద ట్రెయిన్' కాస్తా 'వేర్ ద ట్రెయిన్ ఈజ్' అయిపోతుంది, అంటే ప్రశ్న తన ప్రశ్న రూపాన్నే వదులుకుంటుంది. వ్యాకరణం ప్రకారం చూస్తే అడిగింది రైలు గురించి కాదు, చెప్పగల శక్తి ఎదుటివాడికి ఉందా అని. ఉంది అని చెప్పి ఊరుకుంటే మాత్రం వాడికి పిచ్చి అనుకుంటారు! ఈ డొంకతిరుగుడు చూసి మనవాళ్లు రెండు రకాలుగా అనుకుంటారు: తెల్లవాళ్లది పుట్టుకతో వచ్చిన మర్యాద అని కొందరు, వట్టి నటన అని కొందరు. నా లెక్కలో రెండూ కాదు. ఇది చరిత్ర తయారుచేసిన అలవాటు, అదీ మరీ పాతదేం కాదు.

ఒకప్పుడు ఇంగ్లీషుకూ మన నువ్వు, మీరు లాంటి జంట ఉండేది. ఒకరిని 'దౌ' అనేవారు, పలువురిని 'యూ' అనేవారు. నార్మన్ల రాకతో ఫ్రెంచి ప్రభావం పెరిగాక, 13వ శతాబ్దం నుంచి పెద్దవాళ్లను ఒక్కరినైనా 'యూ' అనడం మొదలైంది. 1603లో వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగినప్పుడు అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ ఆయన్ని నిండు కోర్టులో 'దౌ' అని సంబోధించి, ఆ సంబోధననే తిట్టుగా వాడాడు. ఆ శతాబ్దం నడుమ జార్జ్ ఫాక్స్ వెంట నడిచిన క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు, దేవుడి ముందు అందరూ సమానమే కనక జడ్జీనైనా 'దౌ' అనే అంటామని పట్టుబట్టి, టోపీ కూడా తియ్యక, దెబ్బలు తిన్నారు, జైళ్లకు వెళ్లారు. చివరికి సమానత్వం వచ్చింది గానీ వాళ్లు కోరిన దిక్కు నుంచి కాదు. అందరినీ కిందికి దించే బదులు భాష అందరినీ పైకెక్కించింది. యార్క్‌షర్ లాంటి కొన్ని ప్రాంతాల మాండలికాల్లో తప్ప 'దౌ' వాడుకలోంచి జారిపోయింది. బూట్లు తుడిచే కుర్రాడూ 'యూ'నే, ప్రభువూ 'యూ'నే. సర్వనామం చేసే పని ఇక వేరే ఎవరో చెయ్యాలి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఫ్రెంచివాళ్లకు ఇప్పటికీ రెండు సర్వనామాలున్నాయి, అయినా వాళ్లూ 'చెప్పగలరా' తరహాలోనే అడుగుతారు, జర్మన్లూ అంతే. మరి సర్వనామం పోవడమే కారణమని ఎలా అంటాం? పైగా 'దౌ' వెనకబడింది 17వ శతాబ్దంలో. 'కెన్ యూ', 'కుడ్ యూ' అంటూ పని అడగడం రూపుదిద్దుకున్నది 19వ శతాబ్దంలో. అంతకుముందు 'ప్రే' అని బతిమాలేవారు, లేదా 'మీకు సమ్మతమైతే' అనే వాక్యం అరిగి మిగిలిన 'ప్లీజ్' వాడేవారు. భాషావేత్తలు జొనాథన్ కల్పెపర్, జేన్ డెమ్మెన్ 2011లో ఈ కాలక్రమాన్నే చూపించి, విక్టోరియా కాలంలో బలపడిన వ్యక్తివాదంతో దాన్ని ముడిపెట్టారు. నాకు ఆ వాదనే సబబుగా తోస్తుంది, దానికి పట్టణాలను కూడా కలుపుతాను. 1851 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండు, వేల్స్ జనంలో సగానికి పైగా పట్టణవాసులు. పల్లెలో ఎదుటివాడు ఎవరి కొడుకో, ఎంత భూమి ఉన్నవాడో తెలుసు. మాంచెస్టర్ వీధిలో తెలీదు. హోదా తెలీనివాడితో సురక్షితమైన మాట ఒక్కటే: నీ సమయం నీది, కాదనే హక్కు నీకుంది అని ఒప్పుకుంటూ అడగడం. సర్వనామం పోవడం ఖాళీని ఇచ్చింది, అపరిచితుల గుంపు దాన్ని నింపింది.

ఈ రూపాల్లో ప్రతిదీ ఆ కాదనే హక్కు చుట్టూనే తిరుగుతుంది. 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్' అన్నప్పుడు ఆ భూతకాలం నిన్నటిది కాదు. కోరికను నాలుగడుగులు వెనక్కి జరిపి, కావాలంటే వినకపొమ్మని చోటిస్తుంది. 'ఐ డోంట్ సపోజ్ యూ కుడ్' అన్నవాడు కుదరదనే మాటను తానే ముందు అనేస్తాడు, ఎదుటివాడికి ఆ ఇబ్బంది లేకుండా. 'డూ యూ మైండ్' అని అడిగితే ఒప్పుకునేవాడు 'నో' అనాలి. కొత్తగా వచ్చినవాళ్లు 'యెస్' అని తల ఊపి అవతలివాణ్ణి నిలబెట్టేస్తారు. రైల్లో సీటు కళ్లెదుట ఖాళీగా ఉన్నా 'ఈజ్ ఎనీవన్ సిట్టింగ్ హియర్?' అని అడిగి కూర్చుంటారు. ఇది మాత్రం మనకు వింత కాదు. ఆర్టీసీ బస్సులో ఖాళీ సీటు చూసి 'ఇక్కడెవరైనా ఉన్నారాండీ?' అని మనమూ అడుగుతాం, రుమాలు వేసి లేకపోతే.

నటన అనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. 'కుడ్ యూ పాసిబ్లీ ఫినిష్ దిస్ బై ఫ్రైడే?' అన్న మేనేజరుకు కాదని చెప్పే ఉద్యోగి అరుదు. పోలీసు 'వుడ్ యూ మైండ్ స్టెప్పింగ్ దిస్ వే?' అంటే అది ప్రశ్నే కాదు. కానీ మన 'దయచేసి' మాత్రం ప్రతిసారీ దయనే కోరుతుందా? మర్యాద ఏ భాషలోనైనా చాలావరకు తంతే. తేడా అది ఎక్కడ కూర్చుంటుందన్న దానిలో ఉంది. మనకు 'అండి', 'మీరు', 'గారు' బరువంతా మోస్తాయి కాబట్టి 'మీ పేరు చెప్పండి' అన్నది నిండు గౌరవం. అదే ఇంగ్లీషులో 'టెల్ మి యువర్ నేమ్' అయ్యేసరికి ఠాణా వాసన వేస్తుంది. పైగా మద్రాసు ప్రెసిడెన్సీ కచేరీలకు అర్జీలు రాసిన తరాల నుంచి మనకు దక్కింది దరఖాస్తు ఇంగ్లీషు: 'ఐ బెగ్ టు స్టేట్', 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్'. అది పై అధికారికి కిందివాడు రాసుకున్న భాష, వీధిలో ఇద్దరు అపరిచితులు మాట్లాడుకునేది కాదు. ఈలోగా బ్రిటన్‌లో 'కైండ్లీ' విసుగును దాచుకున్న హెచ్చరికలా వినిపించే మాటైంది. హైదరాబాదు నుంచి ఎంతో వినయంగా వచ్చిన 'కైండ్లీ రిప్లై' చూసి, బ్రిటన్‌లోని ఉద్యోగి తానేం ఆలస్యం చేశానోనని పాత మెయిళ్లు వెతుక్కుంటాడు.