వైజాగ్‌లో తొమ్మిది గంటల లేఓవర్: ఎస్. రాయవరం దాకా వెళ్లొచ్చా

ఈసారి ఎపిసోడ్ స్టూడియోలో కాదు, సగం కారులో, సగం ఒక టీ కొట్టు బెంచీ మీద. గాలి శబ్దం వినిపిస్తే సర్దుకోండి.

పొద్దున్న ఏడున్నరకి విశాఖపట్నం ఎయిర్‌పోర్టులో దిగాను. తర్వాతి విమానం సాయంత్రం నాలుగున్నరకి. వైజాగ్ నాకు అస్సలు తెలీని ఊరు. అందరూ చెప్పేది ఒకటే: ఆర్కే బీచ్‌కి వెళ్లు, సబ్‌మెరైన్ చూడు, కైలాసగిరి ఎక్కు. మంచివే. కానీ నాకు చిన్నప్పటి నుంచీ ఒక డౌటు ఉండిపోయింది. తెలుగు వాచకంలో గురజాడ అప్పారావు గారి పాఠం ముందు చిన్న అక్షరాల్లో ‘జననం: ఎస్. రాయవరం’ అని ఉండేది. ఆ ‘ఎస్’ ఏంటి? మాస్టారిని అడిగితే ‘ఇంటి పేరేమోరా’ అన్నారు. ఊరికి ఇంటి పేరేంటండీ!

మ్యాప్ తీశాను. అరవై కిలోమీటర్ల చిల్లర. అక్కడే లెక్క వేసుకున్నాను, మీరు కూడా ఇలాగే వేసుకోండి. పోను గంటన్నర, రాను గంటన్నర, హైవే మీద లారీలకి ఇంకో అరగంట. విమానానికి రెండు గంటల ముందు గేటు దగ్గర ఉండాలి. తొమ్మిదిలో అయిదున్నర పోతే చేతిలో మూడున్నర. పెద్ద బ్యాగు చివరిదాకా చెకిన్ అయిపోయింది, భుజానికి చిన్న సంచే. రెండు విమానాలూ వేరే వేరే టికెట్లయి, బ్యాగు మళ్లీ నేనే తీసుకుని వేయాల్సి ఉంటే మాత్రం వెళ్లేవాణ్ని కాదు.

ఇలా దారిలో ఆగడానికి మన భాషలో ఎప్పట్నుంచో ఒక మాట ఉంది: మజిలీ. ఏనుగుల వీరాస్వామయ్య గారని, మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. వచ్చేటప్పుడు జగన్నాథం మీదుగా ఈ తీరం వెంబడే దిగారు. ఆగిన ప్రతి మజిలీలోనూ నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, దిగడానికి సత్రం ఉందా, అన్నీ రాసుకున్నారు. అదే ‘కాశీయాత్ర చరిత్ర’. 1838లో అచ్చయింది. అంటే మనకి రేటింగులూ రివ్యూలూ రాకముందే ఒకాయన పల్లకీలో కూర్చుని ఆ పని చేసేశాడన్నమాట.

సరే, అనకాపల్లి దాటాం, ఎలమంచిలి దాటాం, అడ్డరోడ్డు దగ్గర హైవే దిగాం. ఊళ్లో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన అడిగారు, ‘ఏటి బాబూ, ఎవరింటికి?’ అని. ఎవరింటికీ కాదు తాతగారూ, ఎస్ అంటే ఏంటో తెలుసుకోడానికొచ్చాను అన్నాను. ఆయన నవ్వి, ‘సర్వసిద్ధి. సర్వసిద్ధి రాయవరం. ఈ మాత్రం దానికి ఇంత దూరం రావాలా?’ అన్నారు. టీ డబ్బులు కూడా ఇవ్వనివ్వలేదు.

సర్వసిద్ధి అనేది పాత విశాఖపట్నం జిల్లాలో ఒక తాలూకా పేరు. ఇంకా వెనక్కి పోతే, 7వ శతాబ్దపు తూర్పు చాళుక్య రాజు మొదటి జయసింహుడి బిరుదు కూడా సర్వసిద్ధే. తాలూకా పోయింది, 2022 ఏప్రిల్‌లో జిల్లా కూడా మారి అనకాపల్లి అయింది. ఆ ఒక్క ‘ఎస్’ మాత్రం బస్సు బోర్డు మీద మిగిలింది.

ఇక గురజాడ. ఆయన 1862 సెప్టెంబరు 21న ఇక్కడ పుట్టారు. కానీ ఇది వాళ్ల నాన్నగారి ఊరు కాదు. తండ్రి వెంకట రామదాసు గారి ఉద్యోగం విజయనగరం సంస్థానంలో. తల్లి కౌసల్యమ్మ గారి పుట్టింటి వైపు ఊరిది, మేనమామ ఇల్లు. అప్పటికి ఈ దారిలో రైలు లేదు, అది రావడానికి ఇంకా మూడు దశాబ్దాలు పట్టింది. ఆయన చదువు చీపురుపల్లి, విజయనగరాల్లో. ఉద్యోగం, రచన, 1915లో మరణం అన్నీ విజయనగరంలోనే. అంటే మహాకవికి రాయవరం ఒక మజిలీయే.

నన్ను పట్టుకున్న విషయం ఇది కాదు. ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. మనకి గిరీశం డైలాగులు తెలుసు, మీమ్స్ కూడా చేసుకుంటాం. ఆ పుస్తకానికి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట మాత్రం ఎవరూ చదవరు. నేనూ చదవలేదు, ఆ బెంచీ మీద కూర్చునే ఫోన్లో చదివాను. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లు లెక్క రాయించారట. మొత్తం 1034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44. మూడేళ్లవాళ్లు 36. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు.

ఇంకోసారి చెప్తాను, ఏడాది పిల్లలు. మా అక్క కూతురికి పోయిన నెలే ఏడాది నిండింది. ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది.

అది విశాఖపట్నం జిల్లా లెక్క. నేను కూర్చున్న ఊరు అప్పుడు ఆ జిల్లాలోదే. ఆ 1034లో ఇక్కడి పిల్లలు ఎంతమందో ఆ లెక్క చెప్పదు, ఒక్క పేరు కూడా చెప్పదు. ఆ పేర్లు లేని పిల్లలకి గురజాడ సుబ్బి అని ఒక పేరు పెట్టాడనిపించింది నాకు. నాటకంలో ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మబోయిన సుబ్బిని కాపాడ్డానికి నడుం కట్టేది ఎవరు? కన్నతండ్రి కాదు, మేనమామ కరటక శాస్త్రి. శిష్యుడికి ఆడవేషం వేసి మరీ నడిపిస్తాడు కథ. మేనమామ ఇంట్లో పుట్టిన రచయిత మేనమామ చేత ఆ పని చేయించాడు. దీనికి రుజువేమీ లేదు, నా ఊహే. కామెంట్లలో తిట్టండి, పర్లేదు.

ఈ మాటే పెద్దాయనతో అంటే, ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘మా నాయనమ్మకి ఆరేళ్లకి పెళ్లి చేసేసేరు బాబూ. పెళ్లిలో నిద్దరపోయిందంట, ఎత్తుకుని తలంబ్రాలు పోయించేరంట’ అన్నారు. ఆ మాట ఇంట్లో నవ్వుతూ చెప్పుకునేవాళ్లట. నేను రికార్డింగ్ ఆపేశాను, అందుకే ఆ ముక్క వీడియోలో లేదు.

టైము పన్నెండు దాటింది. దగ్గర్లోనే ఉన్న ఏటికొప్పాకలో పది నిమిషాలే ఆగాను. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క అద్దుతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. గింజలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీసిన రంగులు. నోట్లో పెట్టుకునే పిల్లలకి కొనాలంటే అలాంటివే అడిగి తీసుకోండి. ఒక బొంగరం, ఒక గిలక కొన్నాను.

లంకెలపాలెం దగ్గర ట్రాఫిక్ ఇరవై నిమిషాలు తినేసింది. ఎయిర్‌పోర్టు చేరేసరికి రెండూ నలభై. సెక్యూరిటీలో ఆమె సంచి తెరిపించి, గిలక తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, ‘పాపకా?’ అని అడిగింది.

ఆ, ఏడాది పాపకి అన్నాను.