ట్రావిస్ పాస్ట్రానా
ట్రావిస్ పాస్ట్రానా (జననం: 1983 అక్టోబరు 8) అమెరికాకు చెందిన ఫ్రీస్టయిల్ మోటోక్రాస్ క్రీడాకారుడు. మేరీలాండ్ రాష్ట్రంలోని అన్నాపొలిస్‌లో పుట్టాడు. ఈ క్రీడలో వేగానికి మార్కులుండవు. ర్యాంపు మీంచి బైకుతో గాల్లోకి లేచి చేసే విన్యాసాలకే న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు.

14 ఏళ్లప్పుడు బైకుతో దూకడంలో అంచనా తప్పి, అతని వెన్నెముక కటి ఎముక నుంచి విడిపోయింది. చాలామంది అక్కడితో ఆపేసేవారే. మరుసటి ఏడాదే, 1999లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో, సాహస క్రీడల పోటీలైన ఎక్స్ గేమ్స్‌లో తొలిసారి నిర్వహించిన ఫ్రీస్టయిల్ పోటీలో 15 ఏళ్ల ఈ కుర్రాడు 99 మార్కులతో స్వర్ణం గెలిచాడు. ఆ ఊపులో బైకుతో సహా సముద్రపు అఖాతంలోకి దూకేశాడు. నిర్వాహకులకు అది ఏమాత్రం నచ్చలేదు. ప్రేక్షకులకు మాత్రం అతని పేరు గుర్తుండిపోయింది.

విన్యాసాలకే పరిమితమైనవాడు కాదు: 2000లో 125 సీసీ విభాగంలో అమెరికా జాతీయ మోటోక్రాస్ టైటిల్ గెలిచాడు. ఎక్స్ గేమ్స్ ఫ్రీస్టయిల్ స్వర్ణాలు 2000, 2001, 2003, 2005లలోనూ అతనివే. 2006లో లాస్ ఏంజెలస్‌లో, బైకుతో గాల్లో వెనక్కి రెండు పల్టీలు కొట్టి నేలమీద దిగాడు. పోటీలో డబుల్ బ్యాక్‌ఫ్లిప్ సాధించిన మొదటి రైడర్ అతనే.

ర్యాలీ కార్ల పోటీల్లోనూ పాల్గొన్నాడు.