వానలెక్క యెంతవరకు నమ్మదగినది?

తునిలో ఇన్ని మిల్లీమీటర్ల వాన కురిసినదని రేడియోలో వినునప్పుడు ఆ అంకె ఊరంతటికిని చెందినదని తలంతుము. నిజమునకది తునియందలి వాతావరణ కేంద్రమున నిలిపిన ఒక్క గరాటిలో పడిన నీటి లెక్క. మన దేశమున చిరకాలము వాడుకలోనున్న సైమన్సు వర్షమాపకము నోరు అయిదంగుళముల వెడల్పు. పది చదరపు కిలోమీటర్ల గ్రామమున నది దాదాపు 79 కోట్లవ వంతు. తాండవనది కీవల జల్లు పడుచుండగా ఆవల పాయకరావుపేటలో ఎండ కాయవచ్చును.

ఈ కొలతలు మన తీరమునకు క్రొత్తవి కావు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు, చెన్నపట్టణపు వేధశాలలో టెయిలరు దొరయొద్ద శాస్త్రము నభ్యసించి, 1840 ప్రాంతమున స్వంత ద్రవ్యముతో వేధశాలను నెలకొల్పిరి. 1856లో ఆయన గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపిరి. నక్షత్రములతోపాటు వానను, గాలిని గూడ అచట గమనించి వ్రాసియుంచిరి. జమీందారీ ధనము వ్యాజ్యముల పాలగుట మనమెరిగిన కథయే. ఇట్టి వ్యయము అరుదు.

ప్రభుత్వము కదలుటకు ప్రాణనష్టము కావలసివచ్చెను. 1839 నవంబరులో ఉప్పెన కోరంగిని ముంచెను. 1864 అక్టోబరులో కలకత్తాను, మరుసటి నెలలో బందరును గాలివానలు ధ్వంసము చేసెను. బందరులోనే దాదాపు 30,000 మంది మరణించిరి. ఆపై కరవులును వచ్చినవి. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడెను.

ఆనాటి పరికరములును తప్పు చెప్పెడివి. తిరుగు గిన్నెలతో గాలివేగమును కొలుచు సాధనమును 1846లో రాబిన్సను అను ఐర్లండు పండితుడు కల్పించెను. గిన్నెల వేగమునకు గాలివేగము మూడు రెట్లని ఆయన చెప్పగా లోకము నమ్మెను. గిన్నెల పరిమాణమునుబట్టి, చేతుల పొడవునుబట్టి ఆ గుణకము మారుననియు, పెక్కింటికి మూడుకంటె తక్కువయనియు పిమ్మట తేలెను. కావున పాత పుస్తకములలోని గాలివానల వేగములను యథాతథముగ గ్రహింపరాదు.

వర్షమాపకపు దోషము ఇందుకు విరుద్ధము. అది తక్కువ చెప్పును. గాలి గరాటి అంచుపై సుడిదిరిగి చినుకులను ఆవలకు త్రోయును. గాలి హెచ్చినకొలది ఈ నష్టమును హెచ్చును. అనగా లెక్క మిక్కిలి యవసరమగు తుపానునాడే అది మిక్కిలి తప్పును. అందుచేతనే అంచును భూమికి ఒక అడుగు ఎత్తున మాత్రమే యుంతురు.

ఇప్పటి స్వయంచాలక యంత్రములలో రెండు చిన్న దొన్నెలు తక్కెడవలె ఒరుగుచు లెక్కపెట్టును. కుండపోత వానలో ఒరుగు క్షణమున పడిన నీరు లెక్కకు రాదు. గరాటిలో ఆకు అడ్డుపడినచో యంత్రము సున్న వ్రాయును. వాన లేని సున్నయు, ఆకు పడిన సున్నయు కాగితముపై ఒకటే! పెద్ద యంత్రములకును అపాయము తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు అచటి రాడారే దెబ్బతినెను.

ఈ సంగతి పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. 2003లో మహబూబ్‌నగరు జిల్లాలో వేరుసెనగ, ఆముదపు రైతులకు వర్షాధార బీమా నారంభించిరి. ఇట్టి బీమాలో సొమ్ము రైతు పొలమున పడిన వాననుబట్టి కాక, నిర్ణీత కేంద్రమున నమోదైన వాననుబట్టి వచ్చును. కేంద్రమున వాన కురిసి పొలము ఎండినచో రైతునకు దక్కునది లేదు.

కావున మీ గ్రామమున నిట్టి యంత్రమును నిలిపినపుడు పెద్దలు కొన్ని ప్రశ్నలడుగవలెను. అంచుకంటె ఇరువదడుగులు ఎత్తైన చెట్టు కనీసము నలువదడుగుల దూరమున నున్నదా? నేడు మొక్కగానున్న మామిడి పదేండ్లకు ఎంత పెరుగును? గరాటిని తుడుచువారెవరు? ఉష్ణమాపకపు తెల్లని పెట్టె తలుపు ఉత్తరముగ నున్నదా? మరియొక సంగతి: వానను ఉదయము 8:30 గంటలకు కొలుతురు. సోమవారము రాత్రి కురిసిన వాన మంగళవారపు లెక్కలో చేరును. తేదీ తప్పు పడినదని కేంద్రమువారితో వాదించుటకు ముందు దీనిని చూచుకొనుడు.