కరిసల్ బజార్లు: కోవిల్‌పట్టి, విరుదునగర్ వీధుల చరిత్ర

కోవిల్‌పట్టి, విరుదునగర్ తమిళనాడు దక్షిణాన ఒకదానికొకటి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న వ్యాపార పట్టణాలు. మొదటిది తూత్తుకుడి జిల్లాలో ఉంది. రెండోది తన పేరే పెట్టుకున్న జిల్లాకు కేంద్రం. 2011 జనగణన నాటికి కోవిల్‌పట్టి జనాభా సుమారు 95 వేలు, విరుదునగర్‌ది 72 వేలు. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా దిగే 44వ నంబరు జాతీయ రహదారే మదురై దాటాక ఈ ఊళ్ల పక్కనుంచి కన్యాకుమారికి పోతుంది. జనాభా లెక్కలో ఇవి నగరాలు కావు. బజారు వీధిలో బస్తాల లారీ ఎదురొచ్చినప్పుడు మాత్రం మహానగరానికేమీ తీసిపోవు.

కోవిల్‌పట్టి అంటే గుడి ఉన్న పల్లె. పూవననాథస్వామి, శెణ్బగవల్లి అమ్మవార్ల గుడి ఊరి నడుమ ఉంది. విరుదునగర్ పాత పేరు విరుదుపట్టి. 1915లో అక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది, 1923లో ‘పట్టి’ పోయి ‘నగర్’ వచ్చింది. రెండు పేర్లలోనూ పల్లె ఉన్నా పట్టణాన్ని కట్టింది బజారే. ఆ బజారును పుట్టించింది నేల.

ఆ నేలను తమిళంలో కరిసల్ అంటారు. మన నల్లరేగడే. వానకు జిగురై కాలిని వదలదు, ఎండకు పాదం పట్టేంత బీటలు తీస్తుంది. జీవనది లేదు. తామ్రపర్ణి దక్షిణాన దూరంగా పోతుంది. ఈశాన్య రుతుపవనం కరుణిస్తే చెరువు నిండుతుంది, లేకపోతే లేదు. వరికి చోటులేని ఈ చేలలో పత్తి, సజ్జ, జొన్న, మిరప, ధనియాలు, నువ్వులు, వేరుశనగ పండాయి. వీటిలో సజ్జ, జొన్న ఇంటికి. మిగిలినవన్నీ అమ్మితేగాని పొయ్యి వెలగదు. తినడానికి కాక తూచడానికి పండే పంట ఎక్కువైన చోట సంత రోజూ జరగాల్సిందే.

ఈ సీమలోకి తెలుగువాళ్లు ఎప్పుడొచ్చారన్నదానికి ఒక్క తేదీ చెప్పలేం, అలలుగా వచ్చారు. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకుల పాలనలో రాజ్యం 72 పాళెయాలుగా చీలింది. కోవిల్‌పట్టి దగ్గరి ఎట్టయపురం, దానికి దక్షిణాన పాంచాలంకురిచ్చి తెలుగు మూలాలున్న పాళెగాళ్ల చేతుల్లో ఉండేవి. పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఆంగ్లేయులు 1799 అక్టోబరు 16న ఉరితీసిన కయత్తారు కోవిల్‌పట్టికి దగ్గరే. సైన్యాల వెంట, వాటి వెనుక కమ్మలు, రెడ్లు, రాజులు, కంబళత్తు నాయకర్లు, అరుంధతీయులు వచ్చి స్థిరపడ్డారు. దుకాణంలో తమిళం, గడప లోపల తెలుగు. తెలుగు లిపి మాత్రం చాలామందికి తెలియదు. రాతలేని భాష ఇన్ని వందల ఏళ్లు వంటింటి ఆసరాతో నిలబడటం చిన్న సంగతి కాదు.

మన పండితులకు ఈ సీమతో మరో పాత చుట్టరికం ఉంది. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద కథ జరిగే విల్లిపుత్తూరు ఇప్పటి విరుదునగర్ జిల్లాలోనిదే. కాలువ గట్టున తల రెక్కల్లో దూర్చి నిద్రపోతున్న బాతులను చూసి, స్నానానికొచ్చిన బ్రాహ్మణులు మరిచిపోయిన పంచెలనుకుని తలారులు దిగడం, అవి చెదిరిపోవడం, వరిచేలకు కాపలా ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వడం తెలుగు చదువుకున్నవాళ్లు మరచిపోలేని దృశ్యం. అయితే అది పడమటి కనుమల అంచున నీళ్లున్న ఊరి బొమ్మ. అక్కడి నుంచి తూర్పుకు కాస్త జరిగితే కాలువా లేదు, బాతూ లేదు, నల్లటి చేను మొదలవుతుంది. ఆ చేనును వర్ణించిన కవి దొరకడానికి మరో నాలుగు వందల ఏళ్లు పట్టింది.

విరుదుపట్టిని బజారుగా నిలబెట్టినవాళ్లు నాడార్లు. తాటిచెట్లను నమ్ముకుని బతికిన ఈ సముదాయంలో ఒక భాగం తాటిబెల్లం, ఉప్పు, ఎండుచేప, పత్తి ఎడ్లబండ్లకెత్తి ఉత్తరానికి వ్యాపారానికి వచ్చింది. దారిలో దొంగల భయం. అందుకని మజిలీల్లో ప్రహరీ ఉన్న ‘పేటలు’ కట్టుకున్నారు. రాత్రికి బండ్లు లోపలికి తోలి తలుపు వేసుకునేవారు. ఆ మజిలీలే తర్వాత ఊళ్లయ్యాయి. పేటలో దిగిన ప్రతి బస్తా మీద ఇంతని ఒక చిన్న మొత్తం ఉమ్మడి నిధికి చేరేది. దాని పేరు మహమై. వసూలు చేసేది, ఖర్చు పెట్టేది ఊరిలోని కులపెద్దల సంఘం, ‘ఉరవిన్‌ముఱై’. గుళ్లలోకి రానివ్వని కాలంలో వాళ్లు ఆ డబ్బుతో సొంత గుళ్లు, బావులు, బళ్లు కట్టుకున్నారు. ఆ ఎదుగుదలను సహించలేని వైరం 1899లో శివకాశి అల్లర్లుగా పేలింది.

విరుదునగర్‌లోని క్షత్రియ విద్యాశాలది అలాంటి పుట్టుకే. దానికి బియ్యం కథ కూడా ఉంది. ఇంట్లో ఎసరు పెట్టేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం వేరే కుండలో తీసిపెట్టేది. ఆ బియ్యాన్ని ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి, అమ్మి, బడి నడిపారు. పిడికెడు బియ్యపు బడి అనే పేరు అలా వచ్చింది. ఆ బడిలో కొన్నేళ్లు చదివి, తండ్రి పోవడంతో చదువు మానేసి మేనమామ బట్టల కొట్లో కూర్చున్న పిల్లవాడు కామరాజ్. పుట్టింది 1903 జూలై 15న. 1954 నుంచి 1963 వరకు మద్రాసు ముఖ్యమంత్రి. ఆయన మధ్యాహ్న భోజన పథకం 1956లో ఎట్టయపురంలో మొదలైంది, అది కవి సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరు, కోవిల్‌పట్టి పొరుగు. కుండలో తీసిపెట్టిన పిడికెడుకూ బడిలో వడ్డించిన అన్నానికీ సంబంధం ఉందని రాసిపెట్టిన పత్రమేదీ లేదు గానీ, ఆ వీధి ఎరిగినవాళ్లకు వేరే రుజువు అక్కర్లేదు.

కామరాజ్ పెరిగిన ఇల్లు ఇప్పుడు స్మారకం. ఇరుకు వీధి, చిన్న గది. ముఖ్యమంత్రి తల్లి వీధి కొళాయి దగ్గర నీళ్లు పట్టుకోవడం చూసి మునిసిపాలిటీవాళ్లు ఇంటికే గొట్టం వేస్తే, కొడుకు వచ్చి పీకించేశాడన్న కథ ఊరంతా చెప్పుకుంటుంది. అదే ఊరు 1967లో ఆయన్ని 1,285 ఓట్ల తేడాతో ఒక విద్యార్థి నాయకుడి చేతిలో ఓడించింది.

మదురై, తూత్తుకుడిల మధ్య రైలు 1876లో వచ్చింది. దానికి ముందే అమెరికా అంతర్యుద్ధం పత్తి ధరను ఆకాశానికెత్తి ఈ నేలకు విదేశీ బేరగాళ్లను రప్పించింది. రైలు పడ్డాక ‘తిన్నవెల్లి’ పత్తి బేళ్లు తూత్తుకుడి రేవుకు నేరుగా దొర్లాయి. జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లులు వచ్చాయి, వాటి వెనక నూలు మిల్లులు. కోవిల్‌పట్టిలో 20వ శతాబ్దపు తొలి ఏళ్లలోనే వ్యవసాయ పరిశోధనా కేంద్రం వెలిసింది. స్థానిక ‘కరుంగణ్ణి’ పత్తిని మెరుగుపరిచే పని అక్కడే సాగింది.

విరుదునగర్ బేరం మరో దారి పట్టింది. అక్కడ పండేది తక్కువ, చేతులు మారేది ఎక్కువ. పప్పులు, మిరప, ధనియాలు, నూనెలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడ ధర కట్టించుకుని పోతాయి. తమిళ దినపత్రికలు ‘విరుదునగర్ మార్కెట్ నిలవరం’ అని ధరల పట్టీ వేస్తుంటాయి. దూరాన ఏదో ఊరి కిరాణా కొట్టతను వేరుశనగ నూనె డబ్బా కొనే ముందు చూసుకునేది ఆ పట్టీనే. గానుగల కాలం నుంచి నువ్వుల నూనెకు ఈ ఊరు పేరు. పొద్దువాలగానే అదే నూనె ఘుమఘుమ వీధి కొట్లలో పరోటాగా తేలుతుంది. దీన్ని ఇక్కడ ‘బురోట్టా’ అంటారు. మిగతా ఊళ్లలో పెనం మీద కాల్చేదాన్ని ఇక్కడ చుట్ట చుట్టి, చేత్తో అదిమి, వెడల్పాటి పెనంలో నిండా నూనె పోసి అందులో వేయిస్తారు. పైపొర కరకర, లోపల మెత్తన. అరిటాకులో ముక్కలు చేసి సాల్నా పోస్తే మారుమాట ఉండదు. నూనె వ్యాపారుల ఊళ్లో పరోటాకు నూనె కరువవుతుందా!

పంగుని నెలలో, అంటే మార్చి, ఏప్రిల్‌లలో, మారియమ్మ పొంగల్ వస్తుంది. మొక్కున్నవాళ్లు నిప్పుల చట్టి చేతబట్టుకుని, వేపాకుల మధ్య, ఆ బజారు వీధుల్లోనే నడుస్తారు. ఆ రోజుల్లో త్రాసులకు సెలవు.

కోవిల్‌పట్టి పేరెత్తితే ముందు నోటికొచ్చేది ‘కడలై మిట్టాయి’, మన పల్లీపట్టీకి అన్న. ఒకప్పుడు తాటిబెల్లంతో చేసేవారు. 1940లలో పొన్నంబల నాడార్ అనే కిరాణా వ్యాపారి చెరకు బెల్లంతో చేయడం మొదలుపెట్టాక ఇప్పటి రూపం నిలబడింది. కరిసల్ వేరుశనగను వేయించి, పొట్టు చెరిగి, బద్దలు చేస్తారు. బెల్లం పాకం ముదిరిందా లేదా అన్నది చుక్కను నీళ్లలో వేసి వేళ్లతో నొక్కి చూసి చెప్పాలి, గడియారం పనికిరాదు. పాకం పట్టిన బద్దలను బల్ల మీద పోసి, చల్లారేలోపు కర్రతో పరిచి, గీతలు గీసి కోస్తారు. పైన గులాబీ, పచ్చ, పసుపు రంగుల కొబ్బరి తురుము చిటికెడు. ఆ తురుము లేకపోయినా రుచి తగ్గదు గానీ, లేకపోతే అది కోవిల్‌పట్టిది కాదని కొనేవాళ్లు అనుమానిస్తారు. ఈ మిఠాయికి 2020 ఏప్రిల్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తామ్రపర్ణి నీటి వల్లే ఆ రుచి అని తయారీదారుల నమ్మకం.

అగ్గిపెట్టె కూడా ఈ ఎండ ఇచ్చిందే. శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1922లో కలకత్తా వెళ్లి పని నేర్చుకుని వచ్చి ప్రారంభించిన పరిశ్రమ సాత్తూరు, కోవిల్‌పట్టిలకు పాకింది. తడి లేని గాలిలో మందు త్వరగా ఆరుతుంది. పొలంలో పనిలేని నెలలు ఎక్కువ కనుక చేతులూ చవకగా దొరికాయి. ఆ చేతుల్లో పసివి చాలా ఉండేవి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు శివకాశి బాలకార్మికుల కేసులో ఇచ్చిన తీర్పు తర్వాతే దేశం ఈ సంగతిని గట్టిగా పట్టించుకుంది. 2007 నుంచి రూపాయికే అమ్మిన పెట్టె 2021 డిసెంబరు 1 నుంచి రెండు రూపాయలైంది. లోపల పుల్లలు 36 నుంచి 50కి పెంచామన్నారు. తర్వాత చవక లైటర్లు మీదపడ్డాయి. ఇరవై రూపాయల లోపు లైటర్ల దిగుమతిని కేంద్రం 2023లో ఆపింది.

సాయంత్రం కోవిల్‌పట్టి వీధుల్లో భుజాన హాకీ కర్రలేసుకున్న పిల్లలు కనిపిస్తారు. ఊరికి ‘హాకీపట్టి’ అన్న ముద్దుపేరు అందుకే.

విరుదునగర్ దేశబంధు మైదానాన్ని తెలుగు పాఠకుడు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన కారణముంది. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని కోరుతూ 1956లో శంకరలింగనార్ ఇక్కడ నిరాహారదీక్ష చేశారు. దాదాపు రెండున్నర నెలల తర్వాత అక్టోబరు 13న మదురై ఆసుపత్రిలో మరణించారు. పొట్టి శ్రీరాములు మరణించి అప్పటికి నాలుగేళ్లు కాలేదు. ఆయన మరణం రోజుల్లో ఫలితమిచ్చింది, శంకరలింగనార్ అడిగిన పేరు రావడానికి 1969 జనవరి దాకా పట్టింది.

నల్లచేనుకు ఆలస్యంగా దొరికిన కవుల్లో మొదట చెప్పుకోవాల్సినవాడు కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో 1923లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టాడు. బడి చదువు అంతంతమాత్రం. 1976 నాటి ‘గోపల్ల గ్రామం’ నవలలో ఒక పండు ముదుసలి, మంగత్తాయారు, తమవాళ్లు తెలుగు సీమ నుంచి పారిపోయి వచ్చి అడవి కాల్చి ఊరు కట్టుకున్న వైనం చెబుతుంది. దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. బజారు, చేను మాటలను పోగేసి కరిసల్ మాండలిక నిఘంటువు కూడా కూర్చాడు. తమిళ పాఠకులు ఆయన్ని ‘నైనా’ అని పిలిచేవారు. మన రాయలసీమలో తండ్రిని పిలిచే మాట అది.

అదే ఇడైసెవల్‌లో పుట్టిన కు. అళగిరిసామి, ఈ చుట్టుపక్కలవాళ్లే అయిన పూమణి, సో. ధర్మన్‌లకూ అకాడమీ గుర్తింపు దక్కింది. చుట్టూ ఇంత తక్కువ వాన పడే చోట ఇంతమంది రచయితలు మొలవడం చిత్రమే. పూమణి నవల ‘వెక్కై’ 2019లో ‘అసురన్’ సినిమాగా వచ్చి, 2021లో వెంకటేశ్ ‘నారప్ప’గా మన ఇళ్లకు చేరింది. నేపథ్యాన్ని అనంతపురానికి మార్చారు. కి. రాజనారాయణన్ 2021 మే 17న పుదుచ్చేరిలో కన్నుమూశాడు. అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో ఇడైసెవల్‌లో జరిగాయి, స్మారక మందిరం కోవిల్‌పట్టిలో కట్టారు.